మేకుకి వేలాడిన మసిగుడ్డ

ఫోటో అబద్ధం చెప్పదు అని మొదట అన్నవాడెవడో నాకు ఒక్కసారి చూపించండి. వాడితో పనుంది నాకు. చొక్కా పట్టుకుని అడగాల్సిన మాటలు రెండున్నాయి. ఫోటో తనంతట తాను అబద్ధం చెప్పదు, నిజమే. దానిచేత చెప్పించేవాడు ఒకడుండాలి. మా ఇంట్లో ఆ పని చేసినవాణ్ణి నేను.

అరవైల చివర. విజయనగరంలో కాలేజీ చదువుతున్నాను. మా ఊరు శృంగవరపుకోటకి అవతల, కొండల కింద. బస్సు దిగి మైలున్నర నడవాలి. శనివారం మధ్యాహ్నం ఇంటికి పోయి, సోమవారం మొదటి బస్సుకి తిరిగి వచ్చేవాణ్ణి. మా చిన్నాన్న కొత్తవలస దగ్గర కొత్త రైలు లైను పనుల్లో ఉండేవాడు. బదిలీ అయి వెళ్ళిపోతున్న ఇంజనీరు ఎవరో తన పాత పెట్టె కెమేరాని ఆయనకి ఇచ్చేశాడట. ఆయన తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "నీకు సదువొచ్చు గదరా, ఎక్కడ నొక్కాలో నువ్వే కనిపెట్టు" అన్నాడు. నల్లటి డబ్బా. ముందు ఒక కన్ను, పక్కన ఒక మీట. రీలు వేస్తే పన్నెండు బొమ్మలు వస్తాయి. అది చేతికొచ్చాక నేను మనిషిని కాను.

కాలేజీలో ఫిజిక్సు మేష్టారు ఫోటోల పోటీ పెట్టారు. 'నిత్యజీవితం, ప్రకృతి' అన్నది విషయం. "స్టూడియోలో పూలకుండీ పక్కన నిలబెట్టి తీసినవి నాకు చూపించకండి. మీ ఊళ్ళో, మీ ఇంట్లో రోజూ జరిగేదేదో అది తెండి. ఏడాది పైన గడువిస్తున్నాను" అన్నారు.

ప్రకృతి సులువే. కొండ మీద మబ్బు కదలకుండా నిలబడుతుంది, గేదె కూడా నిలబడుతుంది. కష్టమంతా మనుషులతోనే. మా ఊళ్ళో ఫోటో అంటే పెళ్ళికి ఒకటి, పోయాక గోడకి ఒకటి. మధ్యలో దేనికి? గోగునార కడుగుతున్న మా ఊరి మావ ఒకాయన్ని తీద్దామని గెడ్డకి పోయాను. నడుం లోతు నీళ్ళలో, చేతుల నిండా నారతో, ఎంత బాగున్నాడో! నన్ను చూడగానే "ఉండ్రా గుంటడా, సొక్కా ఏసుకొస్తాను" అని ఇంటికి పోయి, నూనె రాసుకుని, తల దువ్వుకుని, పెళ్ళి కోటు తొడుక్కుని వచ్చి అవే నీళ్ళలో నిటారుగా నిలబడ్డాడు. "ఇప్పుడు తియ్యి" అన్నాడు. ఏం తియ్యను, నా తలకాయ!

అలా నిలబడనిది మా అమ్మ ఒక్కతే. కెమేరాని చూసి సర్దుకోవడం, కొంగు లాక్కోవడం ఏమీ లేవు. "తీసుకుంటే తీసుకో. నా పని నాది" అనేది. అందుకని రీలులో మూడో వంతు అమ్మే ఉండేది. తిరగల్లో చోళ్ళు విసురుతూ అమ్మ, పేడ కలుపుతూ అమ్మ, పెరట్లో పాక కింద పొయ్యి దగ్గర గంజి వారుస్తూ అమ్మ. మా నాన్న తిట్టేవాడు. "ఊళ్ళో ఇంకేటీ దొరకనేదేటిరా? దాని మొకం సూడ్డానికి ఫోటో ఎందుకు, రోజూ సూస్తన్నాం గదా!" అనేవాడు. రోజూ చూస్తున్నామనే అనుకున్నాం ఇద్దరం.

రీళ్ళు కడగడం నేర్పింది విజయనగరంలో ఒక స్టూడియో ఆయన. చుట్టమేమీ కాదు, మావా అని పిలిచేవాణ్ణి. మా వైపు మనిషే, నోరు పెద్దది, చెయ్యి సన్నది. ఆ సన్న చేతికే పేరు. అప్పట్లో మసూచి మచ్చలు లేని మొహం పదింట ఒకటి ఉండేదో లేదో. ఫోటోలో మాత్రం ఎవరికీ ఉండేవి కావు. కాటుక లాంటి రంగుని నీళ్ళలో పల్చగా కలిపి, నాలుగు వెంట్రుకలున్న కుంచెని పెదాల మధ్య మొన తీర్చి, ప్రింటు మీద ఒక్కో మచ్చనీ చర్మం రంగులో కలిపేసేవాడు.

"మచ్చ నేకుండా సేసినోడే ఫోటోగ్రాఫరు రా" అనేవాడు. "ఉన్నది ఉన్నట్టు సూసుకోడానికైతే నా దగ్గరికెందుకు, ఇంట్లో అద్దం నేదేటి?"

ఆ విద్య నాకు మూడు నెలల్లో పట్టుబడింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనపడిన ప్రింటల్లా దిద్దేవాణ్ణి. మావ ఒక పాత కుంచె నాకు ఇచ్చేశాడు. పెన్ను పెట్టుకునే జేబులో అది పెట్టుకు తిరిగేవాణ్ణి. గర్వం మరి.

ఆ కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్న నేను తీసిన బొమ్మ గురించి చెప్పాలి. ఎండ అప్పుడే పెరట్లోకి ఏటవాలుగా దిగింది. అమ్మ పొయ్యి మీంచి అన్నం కుండని రెండు చేతులతో ఎత్తి, వంచి, గంజి వారుస్తోంది. నేను ఎడమ పక్కన, కొంచెం వెనకగా ఉన్నాను. ఆవిరి లేచి ఎండలోకి పోతోంది. అమ్మ చేతుల్లో మసిగుడ్డ లేదు. అది పాక రాటకి కొట్టిన మేకుకి వేలాడుతోంది. ఉత్త చేతులు. పొయ్యి మీంచి దింపిన కుండ.

ఇది మా ఇంటి గొప్ప. ఆరేడు నెలలుగా మా అమ్మ మసిగుడ్డ ముట్టలేదు. పక్కింటి అత్త నోరు నొక్కుకునేది. "ఓలమ్మా, నీ సేతులు సేతులేనా, ఇనుమా?" అనేది. అమ్మ నవ్వేది. "అలవాటైపోనాదే. పొయ్యికీ నాకూ పాత సుట్టరికం" అనేది. ఎప్పుడైనా అరచేతి పక్కన బొబ్బ కనిపిస్తే, "ఎప్పుడు కాలిందో ఏటో!" అని తనే ఆశ్చర్యపోయేది. మేం ముగ్గురం నవ్వేవాళ్ళం. నవ్వాం! 

రీలు కడిగి ప్రింటు వేశాను. గొప్పగా వచ్చింది. ఆవిరి, ఎండ, వంగిన వీపు, అన్నీ కుదిరాయి. ఒక్క చోటే పాడైంది. ఎడమ మోచేతికి పైన, వెనక వైపు, రవిక చేతి అంచు కింద, తెల్లటి మరక. చేతి లెక్కన రూపాయి బిళ్ళంత ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. పన్నెండింట్లో ఒక్కటి పండితే దానికీ తెగులా? మావకి చూపించాను.

"గాలి బుడగరా. కడిగినప్పుడు తొట్టె కదపనేదు నువ్వు. కుంచెట్టి మాపీ" అన్నాడు.

జేబులోంచి కుంచె తీశాను. పావుగంటలో ఆ మరక లేదు. ఎక్కడుండేదో నాకే తెలియనంత నున్నగా దిద్దాను. మావ ప్రింటుని వెలుగులో వంచి చూసి, "ఒరే, నన్ను మించిపోనావురా" అన్నాడు. ఆ పూట అన్నం కూడా గుర్తు రాలేదు.

అమ్మకి ఒక కాపీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని పాక కిందనించి ఎండలోకి వచ్చింది. మొహం చూసుకుంటుందనుకున్నాను. చూసుకోలేదు. కళ్ళు చికిలించి, ఆ ఎడమ చేతినే చాలాసేపు చూసింది. వేలితో అక్కడ ఒకసారి రాసింది కూడా. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, "సెయ్యి బాగా వచ్చినాదిరా బాబూ" అంది. నా పనితనాన్ని మెచ్చుకుందనుకుని ఉబ్బిపోయాను. ఆ ఫోటోని చీరల పెట్టెలో, పెళ్ళి చీర మడతలో దాచుకుంది.

మరుసటి ఏడు దసరా సెలవులకి ముందు పోటీ జరిగింది. అదే బొమ్మని పెద్దది చేశాను. పెద్దది చేస్తే మరక కూడా పెద్దదై వస్తుంది కదా, మళ్ళీ కుంచె పట్టాను. రెండోసారి చెరిపానన్నమాట. దానికే మొదటి బహుమతి వచ్చింది. కాలేజీ హాల్లో తాడు కట్టి, అందరివీ దాని మీద తగిలించారు. నాది మధ్యలో. వచ్చినవాళ్ళందరూ ఆవిరిని మెచ్చుకున్నారు. నేను పక్కనే నిలబడి, అక్కడినించి కదిలితే ఒట్టు.

బహుమతులివ్వడానికి వచ్చిన పెద్దలతో మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ కూడా వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, తెల్ల చీర, లావు కళ్ళద్దాలు. మన ప్రాంతపు ఆవిడే. అందరూ ముందుకి నడిచారు. ఆవిడ నా బొమ్మ ముందు ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది.

"ఇది నువ్వు తీశావా బాబూ? ఈవిడ ఎవరు?"

"మా అమ్మండీ."

"ఆ కుండ అప్పుడే దింపిందా? వేడిగానే ఉందా?"

"కుతకుతలాడుతోందండీ! మా అమ్మకి మసిగుడ్డ అక్కర్లేదు. ఏడాది పైనయింది ముట్టి" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆవిడ మొహంలో మెచ్చుకోలు రాలేదు. "ఈ చిటికెన వేలు చూడు. పక్కది కూడా. కుండకి ఆనకుండా లోపలికి వంగి ఉన్నాయి. ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?"

నేను చూశాను. అంతవరకూ చూడలేదు. రెండుసార్లు ఆ బొమ్మ మీద ముక్కు పెట్టి పని చేసినవాణ్ణి, మరక చూశాను గాని వేళ్ళు చూడలేదు.

"చేతి మీద ఎక్కడైనా మచ్చ ఉందా? తెల్లగా, పాలిపోయినట్టు?" అని అడిగింది ఆవిడ.

"లేదండీ. మీరే చూడండి, ఫోటోలో చెయ్యంతా కనిపిస్తోంది కదా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఈ నోటితోనే అన్నాను. ఎవరో పొడిచి చెప్పించలేదు.

ఆవిడ గొంతు తగ్గించింది. "మచ్చ లేకపోయినా ఒకసారి తీసుకురా. ఆలస్యం చెయ్యకు. కళ్ళు మూసుకోమని దూదితో చెయ్యి తాకి చూడు, తెలుస్తోందో లేదో. వేడి తెలియని చెయ్యి బలమైన చెయ్యి కాదు బాబూ. నరం చచ్చిపోతున్న చెయ్యి. మందుంది, నయమవుతుంది. చచ్చిన నరాన్ని మాత్రం నేను తేలేను."

జబ్బు పేరు ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మచ్చ గురించి అడిగిందంటే ఏ జబ్బో మా జిల్లాలో పసిపిల్లకి కూడా తెలుసు. పెద్దరోగం, కుష్ఠు.  కోపం వచ్చింది, అంత కోపం ఎన్నడూ రాలేదు. మా అమ్మకా? మా అమ్మని పట్టుకుని అంత మాటా? ఆవిడ అటు వెళ్ళగానే బొమ్మని తాడు మీంచి పీకేశాను. మేష్టారు పిలుస్తున్నా వినిపించుకోకుండా రోడ్డు మీదికి వచ్చేశాను.

గంటస్తంభం దాకా కోపంతోనే నడిచాను. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెడితే కుంచె వేలికి గుచ్చుకుంది. అంతే. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గాలి బుడగ. రూపాయి బిళ్ళంత. మోచేతికి పైన.

స్టూడియోకి పరిగెత్తాను. మావ ఎవరికో పాపిడి సరిచేస్తున్నాడు. పలకరించకుండా లోపలికి పోయి, నా నెగెటివులున్న బిస్కెట్ల డబ్బా కింద కుమ్మరించి, అమ్మవన్నీ ఏరాను. పదకొండున్నాయి. కిటికీ అద్దానికి వరసగా అంటించాను, పాతవి మొదలు కొత్తవి దాకా.

నెగెటివులో అంతా తిరగబడి ఉంటుంది. నల్లటి మా అమ్మ చెయ్యి తెల్లగా, ఆ చెయ్యి మీద మచ్చ నల్లగా. గంజి బొమ్మలో ఉంది. దానికి ముందు పేడ కలుపుతున్న దాంట్లో కూడా ఉంది, చేతి లెక్కన పావలా బిళ్ళంత. వేరే రీలు, వేరే రోజు కడిగింది. బుడగలు వచ్చి ఒకే చోట, ఒకే చేతి మీద కూర్చుంటాయా? మొట్టమొదటి నెగెటివులో అమ్మ చేతిలో మసిగుడ్డ ఉంది, చిటికెన వేలు తిన్నగా ఉంది. నాలుగో దాంట్లో మసిగుడ్డ మేకుకి ఎక్కింది. ఆ తర్వాత ఇంక దిగలేదు. ఏడో దాంట్లో వేలు కొంచెం వంగింది. ఆఖరుదాంట్లో రెండు వేళ్ళు. అదంతా నేనే తీశాను. దగ్గరుండి తీశాను.

మావ వచ్చి వెనకాల నిలబడ్డాడు. నేను చెప్పింది విని, బల్ల మీద కూలబడిపోయాడు.  "బుడగని సెప్పింది నానే గదరా" అన్నాడు. 

మధ్యాహ్నం బస్సుకి ఇంటికి పోయాను. నాన్న పొలంలో ఉన్నాడు. అమ్మ పాక కింద చింతపండు గింజ తీస్తోంది. వారం మధ్యలో నన్ను చూసి బెదిరిపోయింది. "ఏటయినాదిరా? వొంట్లో బాగోనేదా?" అంది.

"నాకేం కాలేదు. కళ్ళు మూసుకో అమ్మా."

"ఏటాట ఇది, ఈ ఏలప్పుడు?" అంటూనే మూసుకుంది. నేను ఏదడిగినా అంతే.

డాక్టరమ్మ దూది అంది. దూది కోసం ఇంట్లోకి పోయే ఓపిక లేదు. జేబులోంచి కుంచె తీశాను. "ఎక్కడ తాకితే అక్కడ చెప్పు" అన్నాను. భుజం మీద తాకించాను. "బుజం" అంది, చక్కిలిగిలికి నవ్వుతూ. మెడ మీద తాకించాను. "మెడ." కుడి మోచెయ్యి. "మోసెయ్యి." ఎడమ చేతి వెనక్కి వెళ్ళాను. మచ్చ అక్కడే ఉంది. ఇప్పుడు అరచెయ్యంత ఉంది. కుంచెతో దాని మీద ఒక గీత గీశాను. ఇంకో గీత. పైకి, కిందికి, అచ్చం ప్రింటు దిద్దినట్టే దిద్దాను. చిటికెన వేలి మీద కూడా రాశాను.

అమ్మ కళ్ళు మూసుకుని, నవ్వు మొహంతో ఎదురు చూస్తోంది. "తాకవేటిరా? ఇంకెంతసేపు?" అంది.

నేను ఏడ్చేశాను. అమ్మ కళ్ళు తెరిచి, కుంచెనీ, నేను పట్టుకున్న తన చేతినీ చూసింది. ఆమెకి అర్థమైంది. 

"మచ్చ ఉందని నీకు తెలుసా?" అని అడిగాను.

"తానమాడుతుంటే పక్కింటి మీ అత్త సెప్పినాది, నిరుడు వానలప్పుడు. ఎనక్కి కదా, నాకు కనపడదు. ఏదో ఆకు నూరి రాసుకుంటన్నాను. లోపల బయమే, ఎవులికీ సెప్పుకోనేదు. నువ్వు పోటో తెచ్చినావు గదా? అందులో ఎంత సూసినా నేదు. పోనాది దేవుడా అనుకున్నాను. ఆకు రాయడం మానేసినాను."

నేను కుంచె కింద పెట్టేశాను.

"ఏసంకాలంలో మచ్చలు సూసేవోలు వచ్చేరు, ఇంటింటికీ. ఇద్దరూ మగోలే. సెయ్యి సూపించమన్నారు. ఎందుకు, నా కొడుకు తీసిన పోటో ఉన్నాది, సూడండని పెట్టిలోంచి తీసి సూపించేను. సూసి ఎల్పోనారు" అంది.

రెండో రోజు మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అమ్మ మోచెయ్యి వెనక నరాన్ని వేలితో నొక్కింది. వేళ్ళు చాపమంది. రెండు వేళ్ళు తిన్నగా రాలేదు. తెల్ల మాత్రలు రాసింది, ఏళ్ళ తరబడి వేసుకోవాలంది. కుడి చేతికి ఇంకా భయం లేదంది. పొయ్యి దగ్గర మసిగుడ్డ లేకుండా కూర్చోకూడదంది. తర్వాత కళ్ళద్దాల మీంచి చూసి కొంచెం కటువుగానే అడిగింది.

"వేసవిలో మావాళ్ళు మీ ఊరు వచ్చారు కదమ్మా. అప్పుడు చూపించుకుని ఉంటే ఈ రెండు వేళ్ళూ మళ్ళీ తిన్నగా అయ్యేవి. ఎందుకు చూపించుకోలేదు?"

నేను తల వంచుకున్నాను. చెప్పనీ, అనుకున్నాను. చెప్పాలి కూడా.

అమ్మ నా వైపు చూడలేదు. "పొలంలో ఉన్నానమ్మా ఆ రోజు. వచ్చినట్టే నాకు తెల్దు" అంది.

అబద్ధమాడడం మా అమ్మకి రాదు. ఆ ఒక్కటి మాత్రం రెప్ప వేయకుండా ఆడింది. నేను నోరు తెరిచి నిజం చెప్పాలి. చెప్పలేదు.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. అమ్మ బస్సు వచ్చే వైపే చూస్తోంది. పక్కనించి ఆమె ఎడమ చేతి చిటికెన వేలు పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. బస్సు వచ్చేదాకా అలాగే పట్టుకున్నాను. నేను పట్టుకున్నట్టు అమ్మకి తెలియలేదు.